ఎనిమిది గుంటలపై శాఖాపరమైన విచారణ

ఈ వ్యవహారమంతటికీ మూలకారణం ఒక జీపు. ఆ జీపుకూ మా సంస్థకూ ఏ సంబంధమూ లేదు. ఏదో జిల్లాలో ఏదో కార్యాలయం వెనుక పదకొండేళ్ళుగా అది నిలబడి ఉండగా, దాని ఇంజనులోంచి ఒక వేపమొక్క మొలిచి, బానెట్టును పైకెత్తి, కొమ్మలు వేసింది. ఆ ఫోటో ఒక పత్రికలో పడింది. పడిన మూడోనాడు అన్ని శాఖలకూ ఒక ఉత్తర్వు వచ్చింది: "ఏ ప్రభుత్వ వనరూ నిష్క్రియంగా ఉండరాదు. నిష్క్రియ వనరులను పక్షం రోజులలో గుర్తించి, సంజాయిషీ కోరి, తొలగించవలెను."

ఉత్తర్వులో జీపు అన్న మాట లేదు. జీపు అని రాస్తే జీపు ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. అందువల్ల వనరు అని రాశారు. వనరు అని రాయడం వల్ల అది హైదరాబాదు శివార్లలో ఉన్న మా ఔషధ పరీక్షా సంస్థకు కూడా వర్తించింది.

మా దగ్గర జీపు లేదు. కణాలు ఉన్నాయి. నేను విశ్వవిద్యాలయంలో ముప్పైనాలుగేళ్ళు ఔషధశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత ఈ సంస్థలో గౌరవ సలహాదారుగా కుదిరిన రోజునుంచీ ఆ కణాల మంచిచెడ్డలు చూస్తున్నాను. అవి చేసే పని ఏమిటో చెప్పకపోతే తరువాత జరిగినది అర్థం కాదు కనుక క్లుప్తంగా చెబుతాను.

ఉబ్బసం ఉన్నవారికి ఊపిరిగొట్టాలు బిగుసుకుపోతాయి. ఆ గొట్టాల కణాల ఒంటిమీద గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకమంటే కణం గుమ్మానికి ఉన్న కాలింగ్ బెల్ అనుకోవచ్చు. తగిన మందు వచ్చి ఆ బెల్ నొక్కితే లోపలికి కబురు అందుతుంది, బిగువు సడలుతుంది. మేము ఆ గ్రాహకమున్న కణాలను పెంచి, కబురు అందిన కణం ఆకుపచ్చగా మెరిసే ఏర్పాటు చేసి, గుంట పొంగనాల పెనంలాంటి ఒక ప్లాస్టిక్ పలకలో పోస్తాము. అరచేతి పాటి పలక. ఎనిమిది అడ్డవరుసలు, పన్నెండు నిలువు వరుసలు, మొత్తం తొంభైఆరు గుంటలు. గుంటకొక మందు. ఏ గుంట ఎంత మెరిసిందో యంత్రం చదివి చెబుతుంది.

మొదటి నిలువు వరుసలోని ఎనిమిది గుంటల్లో మాత్రం ఏ మందూ వేయము. మందును కరిగించే ద్రవం ఒక్కటే వేస్తాము. చివరి వరుసలోని ఎనిమిదింటిలో, బాగా పనిచేస్తుందని లోకానికి ఎప్పుడో తెలిసిన మందు వేస్తాము. ఎందుకంటే కణాలు మందు పడకపోయినా తమంతట తాము కాస్త మినుకుమినుకుమంటూనే ఉంటాయి. ఆ మినుకు ఎంతో తెలియకపోతే మెరుపు ఎంతో తెలియదు. మొదటి వరుస నేల, చివరి వరుస పైకప్పు. మధ్యనున్నవి ఎంత ఎత్తు ఎగిరాయో కొలవాలంటే రెండూ ఉండాలి.

ఇది ఇంటర్ చదివే పిల్లకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మా పరిపాలనాధికారి కామేశం గారికి ఏడు వారాలు పట్టింది. దోషం ఆయన తెలివిది కాదు. ఆయన ప్రతి విషయాన్నీ సర్వీసు నిబంధనల ద్వారా అర్థం చేసుకునే మనిషి. మా పలకకు అప్పటికి సర్వీసు నిబంధనలు లేవు.

ఆయన నిష్క్రియ వనరుల తనిఖీకి మా రెండో అంతస్తుకు ఎక్కి వచ్చిన ఉదయం నాకు బాగా జ్ఞాపకం. లిఫ్టు పనిచేయదు. లిఫ్టును నిష్క్రియ వనరుగా చూపవచ్చు కదా అని నేను అడిగితే, అది మరమ్మతుల పద్దు కిందికి వస్తుందని చెప్పడానికి ఆయనకు ఊపిరి చాలలేదు. కుర్చీలో కూలబడి, జేబులోంచి ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చారు. ఆయనకు ఇరవై ఏళ్ళుగా ఉబ్బసం.

"ఈ తొంభైఆరు స్థానాల్లో..." అన్నారు, ముందురోజు యంత్రం అచ్చువేసిన కాగితాన్ని వేలితో నడిపిస్తూ. "మొదటి వరుస, ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది స్థానాలు. స్పందన లేదు. మొన్న లేదు. పోయినేడాది లేదు. ఆరేళ్ళ రికార్డు తిరగేశానమ్మా ప్రొఫెసర్ గారూ. ఒక్కరోజు, కనీసం ఆగస్టు పదిహేనున కూడా, ఇవి పనిచేసిన దాఖలా లేదు."

"ఏమీ చేయకపోవడమే వాటి పని కామేశం గారూ."

"అలాంటి పోస్టు మన సంస్థలో మంజూరు కాలేదు."

పలకలు కడిగే సాయిలు సింకు దగ్గర నిలబడి ఉన్నాడు. ఈ భవనానికి పునాది తవ్వినప్పటినుంచీ ఉన్న మనిషి. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "మంజూరు గాకుండనే మస్తుమంది జేస్తున్నరు గద సార్ ఆ పని."

కామేశం గారు ఆ వాక్యాన్ని నమోదు చేయలేదు. మా యువ శాస్త్రవేత్త ముబీన్ సుల్తానా మాత్రం నవ్వు ఆపుకోవడానికి ఫ్రిజ్ తలుపు తెరిచి అందులో తల పెట్టింది. ఆమెది మూడేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం, రెండున్నరేళ్ళు గడిచాయి. పరీక్షకోసం సేకరించి నంబర్లు వేసిన సీసాల నిల్వను మేము గ్రంథాలయం అంటాము; అందులోని నాలుగువేల రెండువందల పన్నెండు పదార్థాలను ఒక్కొక్కటిగా కణాల గుమ్మం తట్టించిన అమ్మాయి. వాటిలో రెండువేల తొంభైమూడో నంబరు మొదటి పరీక్షలోనే పైకప్పు దాకా మెరిసింది. ఒకసారి మెరిస్తే శాస్త్రం నమ్మదు. మూడుసార్లు మెరవాలి. ఆమె రెండోసారికి సిద్ధమవుతున్నది.

మర్నాడు మెమో వచ్చింది. "మొదటి వరుస, గుంటలు ఏ నుంచి హెచ్ వరకు" అన్నది చిరునామా. "మీరు నిరంతరాయంగా, ఉద్దేశపూర్వకంగా, పై అధికారుల కళ్ళెదుటనే నిష్క్రియులై ఉన్నందున, మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో పదిహేను రోజుల్లో తెలుపవలెను." ఎనిమిది ప్రతులు. సాయిలు వాటిని పలక కింద పెట్టి, అందినట్టు తానే సంతకం చేశాడు.

"మేడం, కణాలు మూడు రోజులకు మించి పలకలో ఉండవు కదా! మెమో అందుకున్నవి వేరు, జవాబు ఇవ్వాల్సినవి వేరు," అన్నది ముబీన్.

నేను ఆ అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా పంపాను. కామేశం గారు అదే రోజు సమాధానమిచ్చారు: "పోస్టు శాశ్వతము. పోస్టులోని వ్యక్తి మారవచ్చును. చర్య పోస్టుపై." దీనిని ఖండించడానికి నా చదువులో ఆధారం దొరకలేదు.

పదహారో రోజున రెండో అభియోగం చేరింది: మెమోకు జవాబివ్వకపోవుట. ఇది మొదటిదానికన్నా తీవ్రమైనదట. పనిచేయని ఉద్యోగిని సంస్థ భరిస్తుంది గానీ, జవాబివ్వని ఉద్యోగిని భరించదు. పదిహేడో రోజున, విచారణ లేకుండానే, ఎనిమిది గుంటలనూ నిష్క్రియ స్థితినుంచి తొలగిస్తూ, వాటిలో కూడా మందు వేసి "ఉత్పాదక స్రవంతిలో కలపవలసినదిగా" ఉత్తర్వు వెలువడింది.

శిక్ష ఉన్నచోట సత్కారం కూడా ఉండాలని మా డైరెక్టర్ పరాంకుశం గారి అభిప్రాయం. ఆయన ఎప్పుడూ ఉత్సాహంగా ఉంటారు. ఎందుకు అన్నది ఎప్పుడూ అడగరు. రికార్డు తిరగేస్తే, పన్నెండో వరుస గుంటలు ఆరేళ్ళుగా ఒక్కరోజు కూడా తప్పకుండా నూటికి నూరు శాతం మెరిశాయని తేలింది. సెమినార్ హాల్లో సభ పెట్టారు. పలకను వేదికమీద కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు.

"ఇటు దిక్కు మొఖమా, అటు దిక్కా సార్?" అని సాయిలు పలకను అటూ ఇటూ తిప్పుతూ అడిగాడు. డైరెక్టర్ గారు కాసేపు ఆలోచించి, "సభికుల వైపు," అన్నారు.

సత్కారం వల్ల పదోన్నతి తప్పనిసరి అయింది. పన్నెండో వరుస పర్యవేక్షక హోదాకు వెళ్ళింది. పర్యవేక్షక హోదాలో ఉన్నవారు స్వయంగా పనిచేయరు. కనుక ఆ ఎనిమిది గుంటలకూ తెలిసిన మందు వేయడం ఆపి, వాటి స్థానంలో కూడా కొత్త పదార్థాలు వేయమన్నారు. ఈ విధంగా నేలా పోయింది, పైకప్పూ పోయింది. మిగిలినవి తొంభైఆరు గుంటలు, అన్నీ ఉత్సాహంగా పనిచేసేవే.

ఆ సోమవారం ముబీన్ పలకను యంత్రంలో పెట్టింది. యంత్రం చదవలేదు. తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. ముబీన్ నా వైపు తిరిగి, "మేడం, మెషిన్ అడుగుతోంది, దేనికన్నా ఎక్కువ అని," అన్నది.

ఆరు దశాబ్దాలుగా చదువుతున్నాను, ఇంత మంచి ప్రశ్న ఏ పరీక్షాపత్రంలోనూ చూడలేదు. నేను దానికి జవాబు చెప్పేలోగా, ఉత్తర్వు అమలును చూడటానికి వచ్చి ఊపిరి కూడదీసుకుంటున్న కామేశం గారు చేయెత్తారు.

"సున్నాకన్నా అని నింపండమ్మా. సున్నా ఎవరికీ అన్యాయం చేయదు."

సున్నాకన్నా అని నింపాము. ఊరికే మినుకుమనే కణమైనా సున్నాకన్నా ఎక్కువే. తొంభైఆరు గుంటలకూ తొంభైఆరు పనిచేశాయి. తరువాతి పలకలో తొంభైఆరు. శనివారానికల్లా గ్రంథాలయంలోని నాలుగువేల రెండువందల పన్నెండు పదార్థాలూ ఉబ్బసానికి మందులేనని తేలిపోయింది.

సంస్థలో ఆ వారం జరిగిన సంబరం మాటల్లో పెట్టడం కష్టం. జనరేటర్ గది మీద సీరియల్ లైట్లు వేశారు. డైరెక్టర్ గారు కారిడార్‌లో ఎదురైన ప్రతివారికీ చేయి కలిపారు, సాయిలు చేతిలో తడి పలకలున్నా కలిపారు. సంస్థ పుట్టిననాటినుంచీ సగటున వెయ్యికి ఒకటి పనిచేసేది. ఇప్పుడు వెయ్యికి వెయ్యి. పై శాఖనుంచి అభినందన వచ్చింది. దాని చివర, వచ్చే త్రైమాసికానికి లక్ష్యం నూటపది శాతంగా నిర్ణయించినట్టు ఒక వాక్యం ఉంది.

నూటపది శాతం రావాలంటే కొత్త పదార్థాలు కావాలి. కనుక సంస్థలో ఉన్నవన్నీ పరీక్షకు వచ్చాయి. కుళాయి నీరు పనిచేసింది. క్యాంటీన్ పప్పుచారు పనిచేసింది. నిన్నటి పప్పుచారు ఇంకాస్త బాగా పనిచేసింది. హాజరు పట్టీకి వాడే సిరా, తోటమాలి తెచ్చిన జీవామృతం, ఒక గుమాస్తా తన అత్తగారి ఇంటినుంచి తెచ్చిన ఉసిరికాయ పచ్చడి మీది నూనె, అన్నీ పనిచేశాయి. ప్రతి దానికీ నంబరు పడింది. ఉసిరికాయ గుమాస్తాకు సహశోధకుడిగా ధ్రువపత్రం ఇచ్చారు.

నేను వాదన మానుకొని ప్రయోగం చేశాను. ఒక పలకలో కణాలను పోసి, మరేమీ వేయకుండా, తొంభైఆరు గుంటలనూ ఖాళీగానే ఉంచి, యంత్రానికి ఇచ్చాను. తొంభైఆరూ పనిచేశాయని కాగితం వచ్చింది. దానిని తీసుకువెళ్ళి డైరెక్టర్ గారి బల్లమీద పెట్టాను.

"ఇందులో ఏ మందూ లేదండీ పరాంకుశం గారూ. ఒక్క చుక్క కూడా లేదు. అయినా పనిచేసిందని మీ యంత్రం చెబుతోంది. దీని అర్థం మీకు తెలుస్తున్నదనుకుంటాను."

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళు చెమర్చాయి.

"ఏమీ వేయకుండానే పనిచేసిందా!"

"అవును."

"అయితే తయారుచేసే శ్రమే లేదన్నమాట! దుష్ఫలితాలు ఉండవు. నిలవ చేయడానికి ఫ్రిజ్ అక్కర్లేదు." లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "శచీదేవి గారూ, ఈ వయసులో మీరు... మీరు మందు లేని మందు కనిపెట్టారండీ!"

నా ఖాళీ పలకకు నాలుగువేల రెండువందల నలభైఒకటో నంబరు వచ్చింది. అది ఇప్పటికీ రికార్డులో నా పేరుమీదే ఉంది.

ఇంతవరకు నష్టపోయింది తర్కం ఒక్కటే. తర్కానికి కాంట్రాక్టు ఉండదు కనుక దాని గురించి ఎవరూ బెంగపడలేదు. తరువాతి సోమవారం రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి.

మొదటిది జంతువుల మీద పరీక్షలు చేసే సంస్థనుంచి. మా దగ్గరనుంచి ఏడాదికి ఒక్క పదార్థాన్నే వాళ్ళు తీసుకుంటారు. శుక్రవారంలోగా పంపాలి. అన్నీ సమానంగా పనిచేస్తున్నప్పుడు ఒకదానిని ఎంచడం ఎట్లా అన్న ప్రశ్న వచ్చింది. కామేశం గారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: సీనియారిటీ. రిజిస్టరులో ఒకటో నంబరు వెళుతుంది.

ఒకటో నంబరు ఉప్పు. యంత్రం బిగించిన తొలిరోజు, నడుస్తుందో లేదో చూడటానికి పరీక్షించేందుకు ఏమీ లేకపోతే, సాయిలు క్యాంటీన్‌నుంచి చిటికెడు ఉప్పు తెచ్చాడు. వచ్చిన ప్రతిదానికీ నంబరు వేయడం మా ఆచారం కనుక దానికి ఒకటి వేశాము.

రెండో కాగితం ముబీన్‌కు. "అన్ని పదార్థములూ పనిచేయుచున్నవని నిర్ధారణ అయినందున, పనిచేయుదానిని కనుగొను ఉద్యోగము అనవసరమైనది. సదరు కాంట్రాక్టును శుక్రవారముతో ముగించడమైనది." తప్పు పట్టడానికి వీల్లేని వాక్యం. అదే అందులోని క్రూరత్వం.

ముబీన్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో పెట్టుకొని, పలకలు సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూనే అన్నది: "నా ఉద్యోగం పోతే పోయింది మేడం. మా అబ్బూ కూడా ఇట్లాగే రెండుసార్లు ఇంటికొచ్చారు, మళ్ళీ దొరికింది. కానీ ఆ రెండువేల తొంభైమూడు... అది నిజంగానే మెరిసింది. నేను చూశాను. ఇప్పుడు దానికీ పప్పుచారుకీ తేడా ఏంటి అంటే ఏం చూపించను?"

"ఉప్పు బోతదంటనా ఎలుకల కాడికి?" అన్నాడు సాయిలు. "నేను తెచ్చిన ఉప్పా? అయ్యో, నాకు జెప్తే కల్లుప్పు తెద్దును గద, జర మంచిగుండు."

సరిగ్గా ఆ సమయానికి కామేశం గారు మెట్లెక్కి వచ్చారు, ముబీన్ దగ్గర గుర్తింపు కార్డు తీసుకునే ఫారం పట్టుకొని. ఆ రోజు గాలిలో ఏదో ఉంది. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయారు. మెడనరాలు బిగిశాయి. పిల్లనగ్రోవిలాంటి కూత వినిపించింది. ముబీన్ పరుగెత్తి ఆయనను కూర్చోబెట్టి, జేబులోంచి ఇన్‌హేలర్ తీసి నోటికి అందించింది. ఆరు నిమిషాల దాకా మందు అందుకోలేదు. ఫారాన్ని మాత్రం ఆయన వదల్లేదు.

ఊపిరి కుదుటపడ్డాక ఆయన చాలా చిన్న గొంతుతో, "ఈ ఇన్‌హేలర్ ఈమధ్య సరిగా పట్టడం లేదు. డాక్టరు కొత్తవి వస్తే గానీ లాభం లేదంటున్నారు. ఇంతకీ ప్రొఫెసర్ గారూ... మన మందుల్లో నాబోటివాడికి ఏది?" అన్నారు.

"అన్నీ, కామేశం గారూ. మీరు సంతకం చేసిన నివేదికే కదా! కుళాయి నీరు. సిరా. ఉప్పు. ఏమీ లేకపోవడం కూడా."

ఆయన తల దించుకున్నారు. ముప్పై ఏళ్ళు కాగితాన్ని నమ్మిన మనిషి కాగితం తన ఊపిరితిత్తుల్లోకి రాదని ఆ క్షణంలో గ్రహించినట్టు నాకు అనిపించింది. నేను మెత్తబడి, నిజం చెప్పాను. పలకలో మెరిసినది మనిషి రొమ్ముదాకా రావడానికి పదేళ్ళు పట్టవచ్చు, రాకనూపోవచ్చు. అయినా ఆ దారిన ఏది బయలుదేరాలో ఈ శుక్రవారం తేలాలి. అది తేల్చగలిగినవి ఈ భవనంలో ఎనిమిదే ఎనిమిది. వాటిని ఆయన తొలగించారు.

"ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం..." అన్నారు. "కుదరదమ్మా. ఈ సంస్థ ఇంతవరకు ఒక్క ఉత్తర్వునూ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే, ముందు ఇచ్చినది తప్పని రాయాలి. తప్పని ఎవరు రాస్తారు?"

సర్వీసు నిబంధనలను వేళ్ళమీద ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఉన్నట్టుండి వెన్ను నిటారైంది. ఆయన ముఖంలోకి వచ్చిన వెలుగు మా పన్నెండో వరుసలో కూడా నేను చూడలేదు.

"విచారణ జరగలేదు!"

"ఏ విచారణ?"

"తొలగింపుకు ముందు విచారణ జరిపించాలి. మనం జరపలేదు. విచారణ లేని తొలగింపు చెల్లదు. చెల్లదు కనుక వాళ్ళు... అవి... ఇంకా సర్వీసులోనే ఉన్నాయి. అభియోగం ఉంది కనుక విధుల్లో చేర్చుకోలేము. అంటే, తొలగించిన నాటినుంచే సస్పెన్షన్‌లో ఉన్నట్టు!" ఆయన కుర్చీలోంచి లేచారు. "సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఏం చేయాలి ప్రొఫెసర్ గారూ? ప్రధాన స్థానం వదలకూడదు. అంటే?"

"పలకలోనే ఉండాలి," అన్నది ముబీన్, నెమ్మదిగా.

"ఏ పనీ చేయకూడదు!"

"ఏ మందూ పడకూడదు!"

"మరే ఇతర వ్యాపకమూ పెట్టుకోకూడదు. రోజూ హాజరు వేయించుకోవాలి."

"యంత్రం రోజూ చదువుతుంది సార్! ఆ అంకెనే సంతకం అనుకోండి!"

"సంతకం రానివారికి వేలిముద్ర చెల్లుతుంది. అంకె ఎందుకు చెల్లదు?"

సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికీ మందు పడని గుంటకూ ఇంత పోలిక ఉందని ఔషధశాస్త్రంలో ఎవరూ గమనించలేదు. ఒకే ఒక్క చిక్కు వచ్చింది. నిబంధన ప్రకారం సస్పెన్షన్‌లో ఉన్నవారికి సగం భృతే. కణాలకు భృతి అంటే తిండి. మొదటి వరుసకు సగం తిండి పెడితే మిగతా వరుసలతో పోల్చడం కుదరదు. మందు తప్ప మిగతా అంతా సమానంగా ఉండాలి. ఆ మాట చెప్పాను.

"విచారణలో జాప్యానికి నిందితులు కారణం కాకపోతే భృతి పెంచవచ్చు," అన్నారు కామేశం గారు. "విచారణాధికారిగా మిమ్మల్ని వేస్తాను. జాప్యం ఎవరివల్ల జరుగుతుంది?"

"నావల్ల," అన్నాను. "ఎంతకాలం కావాలంటే అంతకాలం."

"అయితే పూర్తి తిండి!"

పన్నెండో వరుస సంగతి ఇంకా తేలికగా తేలింది. పదోన్నతి పొందినవారిని కింది పోస్టుకు దించలేము. కానీ పాత పోస్టుకు మనిషి దొరికేదాకా దాని అదనపు బాధ్యతలు అప్పగించవచ్చు. పర్యవేక్షక హోదాకు భంగం రాకుండా ఆ ఎనిమిది గుంటలూ అదనపు బాధ్యతగా మెరుస్తాయి.

ఇక డైరెక్టర్ గారి సంతకం. ఆయన కాగితం చదివి, "నూరు శాతం వస్తుంటే ఇప్పుడిదంతా ఎందుకు కామేశం?" అన్నారు.

"విచారణ లేకుండా తొలగించాం సార్. రేపు గుంటలు కోర్టుకు వెళితే?"

"గుంటలు కోర్టుకు వెళతాయా?"

"వెళ్ళవని తమరు రాసిస్తే నేను ఫైల్లో పెడతాను."

డైరెక్టర్ గారు కలం వైపు చూశారు, కిటికీ వైపు చూశారు, నా వైపు చూశారు. ఏదైనా వెళ్ళదని రాసివ్వడం ఆయన వృత్తిజీవితంలో ఎన్నడూ లేదు. సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం చేశారు.

మంగళవారంనుంచి గురువారం దాకా మేము చేసిన పనిని పని అనడం అన్యాయం, అది పండుగ. ముబీన్ పలకల్లో కణాలు పోసేది, నేను మందుల లెక్క సరిచూసేదాన్ని, సాయిలు పలకలను యంత్రం దగ్గరికి మోసుకుపోయేవాడు. పలక పెట్టిన ప్రతిసారీ మొదటి వరుసను ఉద్దేశించి, "కదలకుండ్రి. సస్పెన్షన్ల ఉన్నరు, యాదుంచుకోండ్రి," అని హెచ్చరించేవాడు. అవి కదలలేదు. యంత్రం మళ్ళీ ఆ ప్రశ్న అడిగింది, దేనికన్నా ఎక్కువ అని. ముబీన్ మొదటి వరుసను చూపించింది. ఆపైన యంత్రం ఏమీ అడగలేదు.

పప్పుచారు ఆరిపోయింది. నిన్నటి పప్పుచారు కూడా. సిరా, జీవామృతం, ఉసిరికాయ నూనె, ఉప్పు, ఒకదాని వెంట ఒకటి, మొదటి వరుస పక్కన నిలబడగానే ముఖం చిన్నబుచ్చుకున్నాయి. నా మందు లేని మందు మొదటి వరుసతో అచ్చంగా సరిసమానమైంది; అంత నిజాయితీ గల ఫలితం నా పేరుమీద మరొకటి లేదు. గ్రంథాలయంలోని నాలుగువేల రెండువందల పన్నెండింటిలో చివరికి నాలుగు మిగిలాయి. వాటిలో మూడు ఓ మోస్తరుగా మెరిశాయి. రెండువేల తొంభైమూడు మాత్రం రెండోసారీ మూడోసారీ పన్నెండో వరుస పక్కన తలెత్తుకు నిలబడింది. ముబీన్ తెరమీద ఆ అంకెను వేలితో ముట్టుకొని, "దేనికన్నా అంటే, వీటికన్నా!" అని పైకే అన్నది. తరువాత నన్ను కౌగిలించుకున్నది. సాయిలు పలకలు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు.

నూరు శాతం విజయం వెయ్యికి ఒకటికి పడిపోవడాన్ని పై శాఖకు ఎట్లా విన్నవించాలన్న బాధ్యత కామేశం గారు తీసుకున్నారు. ఆయన రాసిన వాక్యాన్ని నేను యథాతథంగా ఇస్తున్నాను: "గత కొన్నేళ్ళుగా పెండింగులో ఉన్న నాలుగువేల రెండువందల ఎనిమిది పదార్థముల వ్యవహారమును, అవి పనిచేయవని నిర్ధారించి, మూడు రోజులలో శాశ్వతముగా పరిష్కరించడమైనది." ఇంత తక్కువ కాలంలో ఇన్ని ఫైళ్ళు మూసిన సంస్థ రాష్ట్రంలో లేదట. డైరెక్టర్ గారికి ఫైళ్ళ సత్వర పరిష్కారానికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన ఎందుకు అని అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండువేల తొంభైమూడు చిన్న ఐసు డబ్బాలో ఎలుకల దగ్గరికి వెళ్ళింది. ముబీన్ గుర్తింపు కార్డు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఎనిమిది గుంటల కేసులో ఆమె ప్రధాన సాక్షి. విచారణ ముగిసేదాకా ప్రధాన సాక్షిని విధులనుంచి తప్పించడానికి వీలులేదని కామేశం గారు స్వయంగా నియమావళిలో వెతికి, ఎర్ర సిరాతో గీతగీసి చూపించారు. ఆ సిరా పరీక్షలో ఓడిపోయిన సిరానే.

ఇది జరిగి నాలుగేళ్ళు. లిఫ్టు ఇంకా మరమ్మతుల పద్దులోనే ఉంది. నెలకొకసారి కామేశం గారు మెట్లెక్కి వస్తారు. మొదటి అంతస్తు మలుపులో ఆగి, ఇన్‌హేలర్ పీల్చి, పైకి కేకవేస్తారు.

"రెండువేల తొంభైమూడు ఎక్కడిదాకా వచ్చిందమ్మా ముబీన్?"

"ఎలుకలు దాటింది సార్! కుక్కల దాకా వచ్చింది!"

"అవి ఎట్లా ఉన్నాయి?"

"ఊపిరి పీలుస్తున్నాయి సార్!"

ఆయన మిగతా మెట్లు కాస్త వేగంగా ఎక్కుతారు. తరువాత మేము నలుగురం యంత్రం ముందు కూర్చొని విచారణ మొదలుపెడతాము. నేను నిందితులను నియమావళి కోరిన ప్రశ్న అడుగుతాను: మీ నిర్దోషిత్వానికి సంబంధించి చెప్పుకునేది ఏమైనా ఉన్నదా? సాయిలు పలకను లోపలికి తోస్తాడు. యంత్రం చదువుతుంది. నేను రిజిస్టరులో ఎప్పుడూ రాసే వాక్యమే రాస్తాను: "నిందితులు ఎనిమిది మందీ హాజరు. ఏ జవాబూ ఇవ్వలేదు. విచారణ వచ్చే నెలకు వాయిదా."

ముబీన్ అంకె చూసి, అమ్మయ్య అనుకొని, రెండో వరుసలో మందు వేయడం మొదలుపెడుతుంది.